రాయ్‌పూర్ వడ్లు ఎవరివి?

భిలాయి సెక్టార్లు దాటి పాటన్ రోడ్డు మీద కాస్త దూరం వెళితే స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు వెనకబడి వరి మళ్లు మొదలవుతాయి. గట్టు మీద ఉన్న రైతును ఏం వేశావని అడిగితే చెప్పే పేర్లలో రెండు మనకు బాగా తెలిసినవే ఉంటాయి: స్వర్ణ, వెయ్యిన్నీ పది. మొదటిది 1982లో పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం విడుదల చేసిన ఎంటీయూ 7029. రెండోది అదే మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల్లాగే ఈ వంగడాలూ ఇక్కడివైపోయాయి.

ఇవి ఇంత దూరం వచ్చినందుకు ఛత్తీస్‌గఢ్ రైతు మార్టేరుకు రాయల్టీ కట్టలేదు. మార్టేరు కూడా ఎవరికీ కట్టలేదు. స్వర్ణకు ఒకవైపు వశిష్ఠ, మరోవైపు మసూరి. ఆ మసూరి మలేషియాలో తేలిన రకం. దాని వెనక 1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కటక్ కేంద్రంగా నడిపిన వరి సంకరణ పథకం ఉంది. జపాను జాతి వరినీ మన జాతి వరినీ కలిపి, ఫలితాన్ని ఆసియా దేశాలకు పంచిన పథకమది. విత్తనం ప్రభుత్వ కేంద్రాల చేతుల మీదుగా, ప్రజల డబ్బుతో, అడిగినవారికల్లా అందుతూ ఊళ్లు తిరిగింది.

భిలాయికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్‌లో 2002 చివర ఈ పద్ధతికి పెద్ద పరీక్ష ఎదురైంది. ఇవాళ మన లా కాలేజీల్లో మేధో సంపత్తి హక్కులు పాఠ్యాంశంగా ఉన్నాయి, వాటి పక్కనే ప్రజా ప్రయోజనం అనే మాట కూడా చేరింది. ఆ రెండో మాట ఎలా వచ్చి చేరిందో చెప్పాలంటే జెనీవా నుంచో వాషింగ్టన్ నుంచో మొదలుపెట్టడం మామూలు. ఛత్తీస్‌గఢ్‌లో చదువుకునే లా విద్యార్థికి మాత్రం రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని వడ్ల గది నుంచి మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఆ గదిని నింపిన మనిషి ఆర్.హెచ్. రిఛారియా. కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసి వచ్చిన వృక్షశాస్త్రవేత్త. 1959లో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. మరుసటి ఏడాదే ఫిలిప్పీన్స్‌లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల డబ్బుతో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వెలిసింది. అక్కడి నుంచి వచ్చే పొట్టి వంగడాలతో పాటు కొత్త తెగుళ్లూ వస్తాయని, తనిఖీ లేకుండా దేశంలోకి రానివ్వడం తప్పని రిఛారియా అడ్డుపడ్డారు. దాని ఫలితంగా పదవి పోయింది, కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. తర్వాత, 1970ల్లో, మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయనను పిలిచి రాయ్‌పూర్‌లో రాష్ట్ర వరి పరిశోధన సంస్థను అప్పగించింది. అప్పటికి ఛత్తీస్‌గఢ్ మధ్యప్రదేశ్‌లో భాగమే.

ఆ సంస్థ బడ్జెట్టు ఏడాదికి 20,000 రూపాయలనీ, సిబ్బంది ఇద్దరు వ్యవసాయ పట్టభద్రులు, ఆరుగురు గ్రామస్థాయి కార్యకర్తలేననీ క్లాడ్ అల్వారిస్ 1986లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో రాశారు. ఆ కొద్దిమందే ఊరూరా తిరిగి 17,000కు పైగా రకాలు పోగుచేశారు. ఆ పని ఎంత పెద్దదో అంకె ఒక్కటే చెప్పదు. ఒక రకం వడ్లు గుప్పెడు తెచ్చి సీసాలో పోస్తే సరిపోదు. దాని పేరేమిటి, ఎన్ని రోజుల్లో కోతకొస్తుంది, మెరకలో పండుతుందా పల్లంలోనా, అన్నానికా అటుకులకా, ఎవరికి పెడతారు, ఇవన్నీ ఆ ఇంటివాళ్లు చెబితేనే తెలుస్తాయి. దూబరాజ్, జీరాఫూల్, విష్ణుభోగ్, సఫ్రీ, గుర్మటియా, లుచాయి. లైచా చర్మవ్యాధులకు మంచిదంటారు, గఠువన్ కీళ్లనొప్పులకు, మహారాజీ బాలింతకు. విత్తనంతో పాటు ఈ మాటలన్నీ కూడా గదిలోకి వచ్చాయి.

అందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఊదారంగు ఆకుల వరి. ఇక్కడ చాలాచోట్ల నారుపోసి నాటరు, వెదజల్లుతారు. వాన నీరు మడిలో నిలిచాక మొలిచిన పైరు మీదుగానే తేలిగ్గా నాగలి పోనిచ్చి కలుపు అణుస్తారు. ఈ పద్ధతిని బియాసీ అంటారు. దీనికి పెద్ద శత్రువు కర్గా, అంటే అడవి వరి. మొలక దశలో అసలు వరికీ దానికీ తేడా కనబడదు. కంకి వేసి బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. కోతకు ముందే దాని గింజలు రాలి మళ్లీ మట్టిలోకి చేరతాయి, మరుసటి ఏడాది ఇంకా ఎక్కువ మొలుస్తాయి. రైతులు దీనికో ఉపాయం కనిపెట్టారు. కర్గా ముదిరిన మడిలో ఆ ఏడు ఊదారంగు ఆకుల రకం చల్లుతారు. మొలకెత్తాక పచ్చగా కనబడ్డదల్లా పీకేస్తారు. కొన్నేళ్లకు పుప్పొడి కలిసి ఊదారంగు కర్గాకూ అంటుకోవచ్చు, అప్పుడు మళ్లీ పచ్చ రకానికి మారతారు. జన్యుశాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కకముందే ఊళ్లో నడిచిన తెలివి ఇది. రాయ్‌పూర్ శాస్త్రవేత్తలు తర్వాత శ్యామల అనే ఊదా రకాన్ని విడుదల చేసింది ఈ దారినే.

ఇప్పుడు దీన్ని పేటెంటు చట్టం ముందు నిలబెట్టండి. కనిపెట్టిందెవరు? పేరు లేదు. ఎప్పుడు? తేదీ లేదు. ఎక్కడ అచ్చయింది? ఎక్కడా లేదు. చట్టం దృష్టిలో ఈ తెలివికి యజమాని లేడు. యజమాని లేని దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, దానికి కాస్త మార్పు చేసి తమ పేరు పెట్టుకోవచ్చు. పసుపు కథలో జరిగింది ఇదే. గాయాలకు పసుపు పూయడం మీద 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి దాన్ని 1997లో కొట్టివేయించింది. అయితే మన అమ్మమ్మలందరూ సాక్ష్యం చెప్పినా అక్కడ చెల్లేది కాదు. వేరే దేశంలో వాడుకలో ఉందన్న మాట అప్పటి అమెరికా చట్టానికి చాలదు, అచ్చులో చూపించాలి. అందుకని ముప్ఫైకి పైగా రాతకోతలు, అందులో 1953 నాటి ఒక వైద్యపత్రిక వ్యాసం కూడా పట్టుకెళ్లి చూపించాల్సి వచ్చింది.

రిఛారియా రిజిస్టర్లకు ఉన్న విలువ ఇక్కడ అర్థమవుతుంది. రాసిపెట్టిన తెలివికి సాక్ష్యం ఉంటుంది, మరొకరు తమదని చెప్పుకోలేరు. ఒకచోట పోగుపడితే అందరి కళ్లూ దాని మీదే పడతాయన్నదీ అంతే నిజం. ఫిలిప్పీన్స్ సంస్థ ఆ సేకరణ అడిగిందనీ, రిఛారియా ఒప్పుకోలేదనీ, ప్రపంచ బ్యాంకు డబ్బు వచ్చే వరి పథకంతో ముడిపెట్టి ఆయన సంస్థను మూయించారనీ అల్వారిస్ ఆరోపించారు. సేకరణ జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చేతికి, 1987లో రాయ్‌పూర్‌లో ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని చేతికి వచ్చింది. కొత్తవి చేరుతూ ఇప్పుడక్కడ 23,000కు పైగా వరి నమూనాలున్నాయి. రిఛారియా 1996లో కన్నుమూశారు.

ఇక 2002. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టి రెండేళ్లయింది. స్విట్జర్లాండు కంపెనీ సింజెంటా పుట్టీ రెండేళ్లే. నోవార్టిస్, ఆస్ట్రాజెనెకాల వ్యవసాయ విభాగాలు కలిసి 2000లో ఏర్పడ్డ కంపెనీ అది. 2002 ఏప్రిల్‌లో సింజెంటా శాస్త్రవేత్తలు వరి జన్యుపటం ముసాయిదాను సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఏ అక్షరం ఎక్కడుందో తెలిసిపోయింది. అయితే ఏ అక్షరం మారితే కరువును తట్టుకుంటుంది, ఏది మారితే వాసన వస్తుంది, ఏది మారితే తెగులు సోకదు అన్నది ఒక్క పటం చూస్తే తెలియదు. వేల రకాలను పక్కపక్కన పెట్టి చూడాలి, ఒక్కోదాని గుణం తెలిసి ఉండాలి. గింజా గుణం రెండూ కలిసి రాసిపెట్టి ఉన్న చోట్లు ప్రపంచంలో కొద్ది. అందులో ఒకటి రాయ్‌పూర్.

అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ సింజెంటాకూ మధ్య ఒక ఒప్పందం తయారైంది. విశ్వవిద్యాలయం, కంపెనీ కలిసి పరిశోధన చేస్తాయని, సేకరణ కంపెనీకి అందుబాటులోకి వస్తుందని, హైబ్రిడ్ వరి తయారైతే విశ్వవిద్యాలయానికి రాయల్టీ వస్తుందని దాని సారాంశం. నవంబరులో పత్రికలు బయటపెట్టేదాకా రైతులకు ఈ సంగతి తెలియదు. తెలిశాక రాయ్‌పూర్ కదిలింది. రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, విద్యార్థులు, మహిళా సంఘాలు వీధిలోకొచ్చాయి. డిసెంబరులో సింజెంటా తప్పుకుంది.

ఒక్కమాట న్యాయంగా చెప్పాలి. ప్రభుత్వ పరిశోధన సంస్థలకు డబ్బు కరువన్నది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ప్రభుత్వ పరిశోధన సంస్థలకు డబ్బు కరువన్నది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ఉల్లంఘించడానికి అసలు చట్టమేదీ అప్పటికి అమల్లో లేదు! వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టాన్ని పార్లమెంటు 2001లో చేసినా, దాన్ని నడిపించాల్సిన అథారిటీ ఏర్పడింది 2005 నవంబరులో. జీవవైవిధ్య చట్టాన్ని సరిగ్గా ఆ డిసెంబరులోనే పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం 2003 ఫిబ్రవరిలో పడింది. ఆ మధ్య సందులో రాయ్‌పూర్ గదికి కాపలా కాసింది జనం మాత్రమే.

వాళ్లు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: ఈ వడ్లు విశ్వవిద్యాలయం సొత్తయితే కదా, ఒప్పందం మీద సంతకం పెట్టడానికి? రైతు గుప్పెడు గింజలు ఇచ్చింది అమ్మకానికి కాదు. సర్కారు మనిషి వచ్చి అడిగాడు, మంచి పనికేనన్నాడు, ఇచ్చాడు. పల్లెల్లో అక్తీ పండుగనాడు, అంటే అక్షయ తృతీయకు, ప్రతి ఇంటివాళ్లూ మోదుగాకు దొన్నెలో విత్తనం పట్టుకుని గ్రామదేవుడు ఠాకూర్ దేవ్ దగ్గరకు వెళతారు. ఊరి పూజారి అయిన బైగా అన్నిళ్ల గింజలూ కలిపి, పూజ చేసి, కాస్త కాస్త తిరిగి పంచుతాడు. ఇంటికి తెచ్చుకున్నదాన్ని తమ విత్తనంలో కలుపుకుని ఏరువాక సాగిస్తారు. కలిసిన గింజల్లో ఎవరిదేదో ఏరలేం. అలాగని వాటన్నిటికీ బైగా యజమాని అయిపోడు. విశ్వవిద్యాలయం స్థానం కూడా అంతే: దాచిపెట్టి, పెంచి, అడిగినవారికి అందించే బాధ్యత దానిది. అమ్మే హక్కు లేదు.

కొత్త చట్టాలు ఈ మాటను ఎంతవరకు పట్టుకున్నాయి? 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడు వంగడాలకు ఏదో ఒక రకమైన రక్షణ ఇవ్వడానికి మన దేశం ఒప్పుకుంది. పేటెంటైనా ఇవ్వాలి, సొంతంగా ఒక చట్టమైనా చేసుకోవాలి. సంపన్న దేశాలు విత్తన కంపెనీల కోసం రాసుకున్న నమూనా సిద్ధంగా ఉన్నా మన పార్లమెంటు దాన్ని ఎత్తి రాసుకోలేదు. వంగడం తయారుచేసినవారి హక్కుతో పాటు రైతు హక్కునూ చట్టం పేరులోనే పెట్టింది. 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు. రైతులు కాపాడుకొచ్చిన రకాన్ని రైతుల పేరు మీదే రిజిస్టరు చేయవచ్చు. వారి రకం వాడి కొత్త వంగడం తయారైతే ఊరికి వాటా అడగవచ్చు.

జీవవైవిధ్య చట్టం విదేశీ సంస్థ మన జీవసంపదను తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ ప్రాధికార సంస్థ అనుమతి తప్పనిసరి చేసింది. ఆ చట్టంలోనే ఐదో సెక్షన్ ఒకటుంది. కేంద్రం ఆమోదించిన సహకార పరిశోధనకు ఆ అనుమతి అక్కర్లేదంటుంది. రాయ్‌పూర్ ఒప్పందం వచ్చింది కూడా సహకార పరిశోధన అనే పేరుతోనే కదా. క్లాసులో గంటసేపు కొట్లాడుకోవలసిన సెక్షన్ ఇది.

రాయ్‌పూర్‌లో హిదాయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2003లో వచ్చింది, వడ్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాదే. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అంతకు ఐదేళ్లు ముందుది. ఆ రోజుల్లో దేశంలో మేధో సంపత్తి చదివినవారు ఎక్కువగా కంపెనీల తరఫున పేటెంట్లు రాయడానికో కాపాడటానికో వెళ్లేవారు. లా స్కూలు తరగతిలోంచి ప్రజల తరఫున కోర్టుకు నడిచినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు షమ్నాద్ బషీర్. కోల్‌కతా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో మేధో సంపత్తి ఆచార్యుడిగా ఉంటూ, గ్లీవెక్ క్యాన్సర్ మందు మీద నోవార్టిస్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ముందు తటస్థ నిపుణుడిగా నిలబడి వాదించారు. పాత మందుకే చిన్న మార్పు చేస్తే, రోగికి అదనపు మేలు జరుగుతుందని నిరూపించనిదే పేటెంటు లేదన్న 3(డి) సెక్షన్ 2013 ఏప్రిల్ 1న ఆ కేసులో నిలబడింది. ఆ పేటెంటు దరఖాస్తును మొదట్లోనే వ్యతిరేకించినవాటిలో హైదరాబాద్ కంపెనీ నాట్కో ఉంది. అదే నాట్కో 2012 మార్చిలో దేశంలో మొట్టమొదటి తప్పనిసరి లైసెన్సు సంపాదించింది. దాంతో మరో క్యాన్సర్ మందు ధర నెలకు 2,80,000 రూపాయల నుంచి 8,800కు దిగింది.

బషీర్ అక్కడితో ఆగలేదు. పేటెంటు తీసుకున్నవారు ఆ వస్తువును దేశంలో నిజంగా అందుబాటులో ఉంచుతున్నారా అని అప్పట్లో ఏటా ఒక ఫారం దాఖలు చేయాల్సి ఉండేది. చాలామంది దాన్ని నింపడమే లేదని విద్యార్థులతో కలిసి లెక్కలు తీసి, 2015లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. పల్లెల నుంచి, పేద ఇళ్ల నుంచి పిల్లలు జాతీయ లా స్కూళ్లకు రావాలని 2010లో ఇడియా అనే పథకం మొదలుపెట్టింది కూడా ఆయనే. 2019లో చిన్న వయసులోనే వెళ్లిపోయారు. బస్తర్ పిల్లో సర్గుజా పిల్లాడో లా చదివి వచ్చి దూబరాజ్ గురించి కోర్టులో మాట్లాడితే, తన ఇంట్లో తిన్న అన్నం గురించి మాట్లాడినట్టుంటుంది. అలాంటి లాయర్లు మనకు చాలామంది కావాలి.

చట్టం కాగితం మీద ఉంటే చాలదని 2019లోనే గుజరాత్‌లో తేలింది. చిప్స్‌కు వాడే ఎఫ్‌ఎల్ 2027 బంగాళాదుంప తమ రిజిస్టర్డ్ రకమనీ, అనుమతి లేకుండా పండించారనీ పెప్సీకో రైతుల మీద దావాలు వేసింది. వారిలో నలుగురి మీద కోరిన నష్టపరిహారం తలా కోటి రూపాయలకు పైనే. దేశమంతా గగ్గోలు పుట్టాక మే నెలలో ఉపసంహరించుకుంది. ఆ రిజిస్ట్రేషనే చెల్లదంటూ దరఖాస్తు పెట్టింది రైతు హక్కుల కార్యకర్త, మన కవిత కురుగంటి. 2021 డిసెంబరులో అథారిటీ ఆమె వాదన ఒప్పుకుని రిజిస్ట్రేషన్ రద్దుచేసింది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దాన్ని సమర్థించింది. 2024 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం రద్దును తోసిపుచ్చింది. 39వ సెక్షన్ మాత్రం అలాగే ఉంది. అయితే అది తెలిసిన రైతులెందరు, కోటి రూపాయల నోటీసు చేతికొచ్చిన రోజున పక్కన నిలబడే లాయర్లెందరు?

తెలివికి కాగితం మీద లెక్క రాసిపెట్టుకోవడం ఎంత అవసరమో భిలాయి వాళ్లకు తేలిగ్గానే అర్థమవ్వాలి. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మీద ఈ ఊరు లేచింది. అప్పుకు రెండున్నర శాతం వడ్డీ, పన్నెండేళ్ల వాయిదాలు, ఏ యంత్రం ఎవరిస్తారు, ఎవరికి శిక్షణ, అన్నీ కాగితం మీద ఉన్నాయి. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఉక్కు తయారుచేసే తెలివికి అంత జాగ్రత్తగా లెక్కలు రాసుకున్న దేశం, అదే జిల్లా మళ్లలో ఉన్న తెలివికి లెక్క రాయడానికి ఇంకో నలభై ఆరేళ్లు తీసుకుంది.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది. 2025 మే 4న కేంద్రం జన్యుసవరణ చేసిన రెండు వరి రకాలు ప్రకటించింది. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, ముద్దుపేరు కమల. దాని మూలం మన బాపట్ల సాంబ మసూరి. రెండోది ఢిల్లీ పూసా సంస్థది, మూలం మార్టేరు వెయ్యిన్నీ పది. కమలను సిఫారసు చేసిన రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఉంది. బయటి జన్యువేదీ చేర్చలేదు, ఉన్నదాన్నే కత్తిరించి దిద్దారు. ఆ కత్తెర పేరు క్రిస్పర్. దాని మూల పేటెంట్లు అమెరికా, యూరప్ విశ్వవిద్యాలయాల చేతిలో, వ్యవసాయంలో వాడుకునే లైసెన్సులు పెద్ద విత్తన కంపెనీల చేతిలో ఉన్నాయి.

పాటన్ రైతు రేపు దిద్దిన వెయ్యిన్నీ పది వేసి, విత్తనం దాచి, పక్క ఊరి వియ్యంకుడికి రెండు బస్తాలిచ్చాడనుకుందాం. 39వ సెక్షన్ ఇవ్వవచ్చంటుంది. విత్తనాలకూ మొక్కలకూ పేటెంటు లేదని పేటెంటు చట్టం 3(జె) సెక్షన్ అంటుంది. మరి గింజ లోపలి దిద్దుబాటుకు? ఇలాంటి ప్రశ్నే బీటీ పత్తి మీద హైదరాబాద్ నూజివీడు సీడ్స్‌కూ మోన్‌శాంటోకూ మధ్య నడిచింది. 2018లో ఢిల్లీ హైకోర్టు పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కన పెట్టి, సాక్ష్యాలు విని మొదటి నుంచి తేల్చమంది. 2021లో రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి, ప్రశ్న తేలకుండానే కేసు ముగిసింది. దానికి జవాబు రాయాల్సింది ఇప్పుడు నవా రాయ్‌పూర్‌లోనూ శామీర్‌పేటలోనూ లా చదువుతున్నవాళ్లే. ఈ ఖరీఫ్‌లో ఒకసారి మడి గట్టుకు వచ్చి, దాచిన విత్తనం ఎలా చేతులు మారుతుందో చూసి వెళ్లమని వాళ్లను అడుగుతున్నాను.